ఆకు వేయకూడని పూట

మునీశ్వరికి కూర్చోవడం రాదు. బస్సులో సీటు దొరికినా, దిగాల్సిన ఊరు ఇంకా గంట దూరం ఉండగానే, అంచుకు జరిగి సంచి ఒళ్ళో పెట్టుకుంటుంది. అన్నం నిలబడే తింటుంది. కంచం ఎడమ అరచేతి మీద, చూపు గుమ్మం మీద. ఇరవై ఐదేళ్ళు వచ్చాయి, నెల జీతం వస్తోంది, పుంగనూరులో ఫ్యాను తిరిగే గది ఉంది. అయినా తిండి ముందు నిలబడితే ఆమె చేతికి ఎక్కడలేని తొందరా వస్తుంది.

ఆ గదిని ఆమెతో పంచుకునే పల్లవి ప్రైవేటు బడిలో టీచరు. చేరిన మొదటి వారంలోనే అడిగేసింది.

"యాలమే అట్ల మింగుతావు? నీ కంచం నేనేమన్నా ఎత్తకపోతానా?"

"అలవాటు."

"అలవాటంట! మా ఊర్లో కుక్కలు గూడా నీకంటే నిదానంగా తింటాయి తల్లీ."

మునీశ్వరి నవ్వింది. నవ్వుతూనే కంచం కడిగి బోర్లించింది. పల్లవి అప్పటికి రెండో ముద్ద దగ్గరే ఉంది.

మునీశ్వరి సంచిలో ఎప్పుడూ రెండు బిస్కెట్ పొట్లాలు, ఒక డబ్బాలో బెల్లం చెనక్కాయ ఉండలు ఉంటాయి. గదిలో మడిచిన బట్టల కింద అటుకుల పొట్లం ఒకటి. దానికి పురుగు పడితే పారేసి కొత్తది తెచ్చి అక్కడే పెడుతుంది, తినదు. గదికి ఎవరొచ్చినా వాళ్ళు కూర్చునేలోపే చేతిలో ఏదో ఒకటి పెట్టేస్తుంది. ఒకసారి కరెంటు రీడింగు తీయడానికి వచ్చినాయనకు ఉడకేసిన చెనక్కాయలు దోసెడు పెడితే, ఆయన వాటినీ ఆమెనూ మార్చి మార్చి చూసి, "ఏమన్నా మీటర్లో సేతులు పెట్టినారామ్మా?" అని అనుమానపడ్డాడు. ఆ కథ పల్లవి తన బడి అంతా చెప్పుకుని నవ్వింది.

మునీశ్వరి పుట్టింది రామకుప్పం పక్క ఒక పల్లెలో. తండ్రి బెంగళూరుకు కట్టడం పనికి పోయి మొదట్లో నెలకొకసారి వచ్చాడు, తర్వాత ఏడాదికొకసారి వచ్చాడు, ఆ తర్వాత రాలేదు. తల్లి నారాయణమ్మ బిడ్డను వెంటేసుకుని పని ఎక్కడుంటే అక్కడికి తిరిగింది. టమాటా కాలంలో మదనపల్లె మార్కెట్టులో కాయలు ఏరడం. ఆ కాలం అయిపోతే పుంగనూరులో చింతకాయలు కొట్టి గింజ తీయడం. ఒక ఊరిలో బడిలో పేరు రాయించేసరికి ఇంకో ఊరికి మూట కట్టే రోజు వచ్చేది. మునీశ్వరికి మూడో తరగతి రెండు ఊళ్ళలో సగం సగం జరిగింది.

పుంగనూరులో వాళ్ళు ఉన్నది వరస గదుల్లో ఒక గది. నారాయణమ్మ పొద్దున్నే పనికి పోతూ చెప్పే మాట ఒకటే. "ఎవురన్నా తింటాంటే సూడొద్దు పాపా. గోడ పక్కకు తిరిగి కూసో." మధ్యాహ్నం పక్క గదుల వాళ్ళు వాకిట్లో కూర్చుని తినేవాళ్ళు. ఏడేళ్ళ పిల్ల గోడకు తిరిగి కూర్చునేది. కంటికైతే వీపు తిప్పొచ్చు, వాసనకు తిప్పేదెట్లా? సాయంత్రం తల్లి వచ్చి, చింతపులుపుకు పగిలిన వేళ్ళతో సంగటి కలిపి పెట్టేదాకా ఆ పిల్ల గోడ మీద పెచ్చులు లెక్కపెట్టుకుంటూ ఉండేది.

ఆరో తరగతికి కుప్పంలో ఒక హాస్టల్లో చేరింది. అక్కడ తిండి ఉంది, కానీ ముందు నిలబడినవాళ్ళకే గట్టిగా ఉంది. వెనక పడితే సాంబారులో నీళ్ళే మిగిలేవి. వంటమ్మ గంట కొట్టకముందే మునీశ్వరి పళ్ళెం పట్టుకుని వరసలో మొదట ఉండేది. ఏడేళ్ళు, రోజుకు మూడు పూటలు, అట్లాగే నిలబడింది. పట్టుపురుగుల పెంపకం కోర్సులో ఇంటర్ చేసింది కూడా ఆ ఊళ్ళోనే. కోర్సు అయిపోయాక నాలుగైదు చోట్ల చిన్నాచితకా పనులు చేసి, మూడేళ్ళ కింద పుంగనూరు దాటాక మదనపల్లె రోడ్డులో ఉన్న గోవిందరాజులు చాకీ కేంద్రంలో కుదురుకుంది.

చాకీ కేంద్రమంటే పట్టుపురుగులకు పసితనం గడిచే చోటు. గుడ్డులోంచి వచ్చిన చీమంత పురుగులను తొమ్మిది పది రోజులు లేతాకు తరిగి పెట్టి పెంచి, కాస్త గట్టిపడ్డాక రైతులకు ఇస్తారు. అక్కణ్ణుంచి గూడు కట్టేదాకా పెంచుకోవడం రైతు వంతు. ఈ పెంపకంలో జ్వరమని ఒకటుంది. పురుగు తన జీవితంలో నాలుగుసార్లు పాత చర్మం వదిలి కొత్తది తొడుక్కుంటుంది. ఆ సమయంలో తల పైకెత్తి, తినకుండా, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే రైతులు జ్వరం అంటారు. జ్వరానికి పోయినప్పుడు ఆకు వేయకూడదు. అన్నీ ఒకేసారి లేవవు. ముందు లేచినవి ఆకలితో ట్రే అంచుల దాకా పాకుతాయి. అయినా వేయకూడదు. నూటికి తొంభై ఐదు లేచేదాకా ఆగి, అన్నిటికీ ఒకేసారి వేయాలి. ముందు లేచినవాటికి వేస్తే అవి ఎదిగిపోతాయి, లేవనివి ఆకు కింద నలుగుతాయి, పంట ఎగుడుదిగుడవుతుంది.

ఇదంతా మునీశ్వరికి తెలుసు. పరీక్షలో బొమ్మ గీసి మరీ రాసింది. కానీ జ్వరం పూట ఆమెకు హాలులో ఊపిరి ఆడదు. మూడేళ్ళుగా ఆ పూట గోవిందరాజులు హాలులో ఉండేవాడు కాబట్టి సరిపోయింది. ఆయన కుర్చీ వేసుకుని పేపరు చదువుతుంటే ఈమె తడి నేలను మళ్ళీ తుడుస్తూ, కడిగిన ట్రేలు మళ్ళీ కడుగుతూ తిరిగేది.

"కాళ్ళకు సక్రాలు కట్నారా నీకు?" అనేది ఆకు తరిగే అమరావతి. యాభై ఏళ్ళ మనిషి, కత్తి ఎంత పదునో నోరూ అంతే. "అవి పండుకోనుండాయి, నువ్వూ రోంతసేపు కూసోమ్మా. నీకేమన్నా జ్వరమా?"

మాఘమాసంలో గోవిందరాజులు ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచాడు.

"కుప్పం పక్క ఇంగో సెంటరు పెడతాండా. షెడ్డు అయిపోవచ్చింది. వెనకాల రెండు గదుల ఇల్లు గూడా కట్టిస్తాండా, సూసుకునేవాళ్ళు ఆడనే ఉండల్ల గదా. నువ్వు పోతావా?"

"మాయమ్మ గూడా ఉండొచ్చునా సార్?"

"మీయమ్మ ఉంటే ఇంగా మంచిది గదా. కానీ ఒగ మాట. ఆడ నేనుండను. మంచికీ చెడ్డకూ నువ్వే. ఈ బ్యాచి నువ్వొక్కదానివే సూడు. నేను కుప్పం పనుల్లో తిరుగుతాంటా. ఇది బాగా వస్తే ఉగాది నాటికి ఆడికి పోదువు."

ఆ రెండు గదులు ఆమె తలలోకి ఎక్కి కూర్చున్నాయి. తల్లి ఇంకా మదనపల్లెలోనే ఉంటోంది, ఇంకా మార్కెట్టులో కాయలు ఏరుతోంది. మోకాళ్ళు వాచి, కాయల క్రేట్లు ఎత్తడం చేతకాక, పక్కవాళ్ళను బతిమాలుకుంటోంది. ఖాళీ చేయమని ఎవరూ చెప్పని ఇంట్లో ఆమెను కూర్చోబెట్టాలని మునీశ్వరి ఆశ. అందుకు ఈ ఒక్క బ్యాచి బాగా రావాలి.

మొదటి జ్వరం గండం గడిచింది. ఆ పూట అమరావతి పక్కన ఉండి ఒకటే మాట్లాడుతూ ఉంది. రెండో జ్వరం బుధవారం వచ్చింది. పొద్దున గోవిందరాజులు ఫోను చేసి, "రేపు తెల్లారి ముందు ఆకు ముట్టొద్దు," అని చెప్పి కుప్పం పోయాడు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అమరావతి, మిగతా ఆడవాళ్ళు తోటలోకి ఆకు కోతకు వెళ్ళారు. హాలులో మునీశ్వరి ఒక్కతే మిగిలింది.

ఒక ట్రే దగ్గర ఆగింది. ఎక్కువ భాగం తలలెత్తి శిలల్లా ఉన్నాయి. వాటి మధ్యలోంచి కొన్ని లేచాయి. కొత్త తల, వదులు చర్మం, ముందుభాగాన్ని అటూ ఇటూ ఊపుతూ, ఎండిన ఈనెల మీద పాకుతూ అంచుకు వచ్చాయి. అంచున ఏమీ లేదు. మళ్ళీ వెనక్కు తిరిగాయి. ఇంకో పక్క అంచుకు పోయాయి. అక్కడా ఏమీ లేదు.

మునీశ్వరి బయటికి పోయి తొట్టిలో మొహం కడుక్కుంది. లోపలికి వచ్చి ఇంకో ట్రే చూసింది. అక్కడా అంతే. గడియారం రెండున్నర చూపిస్తోంది. రేపు తెల్లవారడానికి ఇంకా ఎంతసేపో వేళ్ళ మీద లెక్కపెట్టి, మధ్యలోనే ఆపేసింది. ఆకు గదిలో తడి గోనె కింద పొద్దుటి లేతాకు చల్లగా ఉంది. తలుపు తీస్తే చాలు, దాని వాసన హాలులోకి వస్తుంది.

తర్వాత తలచుకుంటే, కత్తి ఎప్పుడు పట్టుకుందో ఆమెకు గుర్తు రాలేదు. సన్నగా తరిగింది. 'రోంత, లేసినవాటికి మాత్రమే' అనుకుంటూ చల్లింది. ఒక ట్రే, దాని కింద ఇంకోటి. పాకేవి ఆకెక్కి ఆగిపోయాయి. ఆమె గుండె కూడా అప్పుడు కాస్త నెమ్మదించింది. ఒక వరసలో పది ట్రేలూ అయ్యి పదకొండో దానికి చేయి చాపినప్పుడు తోట పక్క నుంచి అమరావతి గొంతు వినబడింది. మునీశ్వరి ఉలిక్కిపడి చేయి వెనక్కు తీసుకుంది. పది ట్రేలకూ కట్టిన చీటీ మీద ఒకే పేరు ఉంది. గుడుపల్లె కమలాక్షి.

గబగబా మిగిలిన ఆకు గోనె కిందకు తోసేసింది. చల్లినదాన్ని ఏరేయాలని వంగి చూసింది కానీ, ప్రతి ముక్క మీదా పురుగులు ఉన్నాయి. తీయలేదు. ఎవరూ చూడలేదు, ఎవరికీ చెప్పలేదు.

గురువారం రైతులు వచ్చి ట్రేలు తీసుకుపోయారు. అందరికంటే చివర కమలాక్షి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి, ఎండకు కమిలిన మొహం, చీర కొంగు నడుముకు బిగించి ఉంది. ట్రేలు ఆటోలోకి ఎక్కిస్తూ, "బాగుండాయామ్మా పురుగులు?" అని అడిగింది.

"బాగుండాయక్కా," అంది మునీశ్వరి, ఆటో తాడు బిగిస్తూ. అప్పటికే గట్టిగా ఉన్న ముడిని ఇంకా గట్టిగా లాగింది.

ఆదివారం మదనపల్లె వెళ్ళింది. నారాయణమ్మ గదిలో కుంపటి, ట్రంకుపెట్టె, చాప. కుప్పం ఇంటి సంగతి అప్పటికే పదిసార్లు ఫోనులో చెప్పింది, అయినా తల్లి మళ్ళీ మొదటి నుంచి అడిగింది.

"ఎనకపక్క వాకిలి ఉండాదా?"

"ఉండాదిమా."

"నీళ్ళు?"

"బోరు ఉండాది. కొళాయి ఇంట్లోకే."

"ఇంట్లోకేనా!" అని నారాయణమ్మ మోకాలు రుద్దుకుంది. "మళ్ళ వాళ్ళు పొమ్మంటేనో?"

"ఎవురూ అనరు. ఉద్యోగం ఉండేంత వరకూ మనదే."

"ఉద్యోగం ఉండేంత వరకు," అని తల్లి ఆ మాటనే తిరిగి అంది. అందులో వెక్కిరింత లేదు, నమ్మకమూ లేదు.

మునీశ్వరి లేచి గదిలో అటూ ఇటూ నడిచింది. నాలుగడుగులకు గోడ వస్తుంది, మళ్ళీ తిరగాలి. అప్పుడే ఫోను మోగింది. కమలాక్షి.

"అమ్మా, మునీశ్వరీ, రోంత సూసి సెప్పు తల్లీ. వీడియో పంపించినా. మూడో జ్వరం వచ్చిండాది. సగం పండుకునిండాయి, సగం మేస్తాండాయి. ఆకు వెయ్యల్లనో ఆపల్లనో తెలవలే. మా ఆకు ముదిరిపోయిందేమో. తప్పు మాదేనేమో!"

మునీశ్వరి వీడియో చూసింది. ఒకే పడక మీద పెద్దవీ చిన్నవీ కలిసిపోయి ఉన్నాయి. పెద్దవి తలలెత్తి నిద్రలో ఉన్నాయి. చిన్నవి వాటి మీదుగా పాకుతూ ఆకు కోసం దేవులాడుతున్నాయి. అవి ఎందుకు చిన్నవిగా ఉండిపోయాయో ఆమెకు తెలుసు.

"ఏమంటావమ్మా? మా ఆకుదేనా?"

అవునంటే అయిపోయేది. ముదురాకు వేస్తే ఇట్లాగే అవుతుంది, ఎవరైనా నమ్ముతారు. గోవిందరాజులు కూడా నమ్ముతాడు. ఉగాదికి ఇంకా మూడు వారాలే ఉన్నాయి.

"నేను వస్తాండానక్కా. అంతవరకూ దేన్నీ ముట్టొద్దండి," అంది.

"యాడికే? ఇప్పుడే గదా వస్తివి! సంగటి గూడా గెలకలే," అని నారాయణమ్మ గుమ్మం దాకా వచ్చేసరికి కూతురు వీధి మలుపు తిరిగింది.

మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం. బస్సు మారినప్పుడల్లా దిగి నిలబడడం, ఎక్కి నిలబడడం. దారంతా ఒకటే లెక్క ఆమె మనసులో. చెబితే కుప్పం ఇల్లు చేజారిపోతుంది. చెప్పకపోతే కమలాక్షి తన తోట ఆకును తిట్టుకుంటూ ఉంటుంది, వచ్చే పంటకు మంచి ఆకును పారేస్తుంది. పలమనేరులో బస్సు ఆగినప్పుడు సంచిలోంచి బిస్కెట్ పొట్లం తీసి విప్పింది. పక్క సీటులో ముసలాయనకు రెండు ఇచ్చి, తను ఒక్కటి కూడా తినలేక మడిచి పెట్టేసింది.

కుప్పం పక్కనే గుడుపల్లె దగ్గర కమలాక్షి వాళ్ళ షెడ్డు మల్బరీ తోట మధ్యలో ఉంది. సాయంకాలపు ఎండ తోట మీద ఏటవాలుగా పడుతోంది. షెడ్డులోకి అడుగు పెట్టేసరికి మొగుడూ పెళ్ళాలు మాటామాటా అనుకుంటున్నారు.

"మూడు దినాలుగా సెప్తాండా, ముదురాకు వెయ్యొద్దే అని. నా మాట వినల్ల గదా!" అంటున్నాడు శంకరప్ప.

"కోసకచ్చింది నువ్వే గదప్పా! నేనేమన్నా బెంగళూరు నుంచి తెప్పిచ్చినానా?"

"కోసినోడిది తప్పంటే ఎట్లా? వేసినోళ్ళది."

మునీశ్వరి ఇద్దరి మధ్యకూ వెళ్ళి పడక మీదకు వంగింది. "అక్కా, వల తీసకరా. దాని మీద ఆకేసి పరుస్తాము. మేసేటివన్నీ వల మీదికి ఎక్కుతాయి. వాటిని వేరే పడకకు మారుద్దాము. పండుకున్నవి ఈడనే ఉంటాయి. ఇంగ రెండు జట్లు, రెండు వేళలు."

ముగ్గురూ పనిలో పడ్డారు. వల పరిచారు, ఆకు చల్లారు. పురుగులు మెల్లగా వల కంతల్లోంచి పైకి రావడం మొదలుపెట్టాయి. శంకరప్ప ఇంకో వల కోసం బయటికి పోయాక కమలాక్షి మళ్ళీ మొదలుపెట్టింది.

"ఆ పక్క మడి ఆకు కోసుండగూడదు. నాదే బుద్ధి తక్కువ."

"అక్కా, ఆకుది తప్పు గాదు. నాది."

కమలాక్షి చేతులు ఆగాయి.

"రెండో జ్వరంలో మీ ట్రేలకు నేనే ఆకేసినా. అన్నీ లేయకముందే. ముందు లేసినవి మేసినాయి, లేయనివి కింద పడినాయి."

"యాల?"

"లేసినాయి. ఆకలికి తిరుగుతాండాయి. సూడలేకపోతిని."

"సూడలేకపోతే కండ్లు మూసుకోవల్ల!" కమలాక్షి గొంతు షెడ్డు రేకులకు తగిలింది. "సదువుకున్నదానివి, జీతం తీసుకునేదానివి. మా కడుపు మీద ఆకేస్తావా? మొన్న నీ మొహం సూసి అడిగినా గదా, బాగుండాయా అని. బాగుండాయంటివే!"

మునీశ్వరి వల అంచు పట్టుకుని నిలబడింది. వల ఒక పక్కకు వాలింది.

"పట్టుకో సరిగ్గా. పడతాయి," అంది కమలాక్షి కాసేపటికి, కోపం తగ్గకుండానే. ఇద్దరూ కలిసి వల ఎత్తి పక్క పడక మీదకు చేర్చారు. ఇంకో వల, ఇంకో మోత. నాలుగో వల దగ్గర కమలాక్షి తనలో తను చెప్పుకున్నట్టు మాట్లాడింది.

"మేమేమన్నా వెన్నలో పుట్టినామా? మా ఇంట్లో ఐదు మంది బిడ్డలు. మాయమ్మ ముందు వచ్చినోళ్ళకు పెట్టేది గాదు. ఏడ్సినా అంతే, కాళ్ళ మీద పడినా అంతే. అందురూ వచ్చి కూసున్నంకనే సట్టి దించేది. యాలంటే మా చిన్న తమ్ముడికి కాలు బాగలేదు. బడి నుంచి ఎప్పుడూ వాడే కడాన వచ్చేటోడు. మేం ముందు తినేస్తే వాడికి సట్టి గీరుకునేదే గదా మిగిలేది?"

మునీశ్వరి వంగి, పండుకున్న పురుగుల మీద పడిన ఎండాకు ముక్కలు ఒక్కొక్కటే తీస్తోంది. హాస్టలు వరస కళ్ళ ముందుకు వచ్చింది. పళ్ళెం, వంటమ్మ చేతి గరిటె, ఆవిరి, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. తన వెనక ఎవరు నిలబడేవాళ్ళో ఎంత ఆలోచించినా ఒక్క మొహమూ గుర్తు రాలేదు. ఏడేళ్ళలో ఒక్కసారీ వెనక్కు తిరిగి చూడలేదు.

షెడ్డు బయటికి వచ్చి గోవిందరాజులుకు ఫోను చేసింది. జరిగింది జరిగినట్టు చెప్పింది.

"కమలాక్షికి సెప్పేసినావా?"

"సెప్పేసినా సార్."

"నాకు సెప్పకుండా ముందు ఆమెకు సెప్తివా? రేపు ఊరంతా అంటారు, గోవిందరాజులు సెంటర్లో జ్వరంలో ఆకేస్తారంట అని. ఇరవై ఏళ్ళ పేరమ్మా ఇది!"

"తెలుసు సార్."

"ఏం తెలుసు నీకు? కుప్పం మాట మరిసిపో ఇంగ," అని పెట్టేశాడు.

ఆమె మూడేళ్ళలో ఒక్క సెలవూ పెట్టలేదు. ఆ రాత్రి నుంచి వరసగా ఏడు రోజులు పెట్టింది. నాలుగో జ్వరం గడిచేదాకా కమలాక్షి ఇంట్లోనే ఉండి, రెండు జట్లకూ రెండు వేళల్లో ఆకు తరిగింది. మొదటి రెండు రోజులు శంకరప్ప ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు, ఆమె నిలబడి సంగటి మింగుతుంటే చూసి ఒక పీట కాలితో జరిపాడు. "కూసోమ్మా. పంటల మీద పడే ఏనుగులేం నీ సంగటిని ఎత్తకపోవులే, అవి రామకుప్పం అడవిలోనే నిలిసిపోయినాయి." ఆమె కూర్చుంది. రెండు ముద్దలు తిని, వెనక జట్టుకు ఆకు వేళయిందని మళ్ళీ లేచింది.

పుంగనూరుకు తిరిగి వచ్చాక గోవిందరాజులు ఆమెను పనిలోంచి తీసేయలేదు, పలకరించనూ లేదు. తల్లికి ఫోను చేసి కుప్పం లేదని చెప్పింది. నారాయణమ్మ, "పోనీలే పాపా. ఈడ గది ఉండాది గదా," అంది. ఆ గొంతులో కొంచెం కూడా ఆశ్చర్యం లేకపోవడం మునీశ్వరిని వారం రోజులు నిద్రపోనివ్వలేదు.

కమలాక్షి పంట ముందు జట్టు బాగా గూళ్ళు కట్టింది. వెనక జట్టు ఒక రోజు ఆలస్యంగా కట్టింది, అందులో కొన్ని పోయాయి. ఉగాది దాటాక గోవిందరాజులు ఆమెను పిలిచి కూర్చోమన్నాడు. ఆమె కుర్చీ అంచున కూర్చుంది.

"గుడుపల్లెకు పోయింటి. ఆ కమలాక్షి సెప్పినమాట విను. 'తప్పు సేసి మా ఇంటికొచ్చి సెప్పింది ఆ పిల్ల ఒకతే. దాన్నే ఈడ పెట్టు, వేరేవాళ్ళయితే మా ఆకును తిడతారు' అని. నాకు తల తిరిగిపాయ. పెట్టినా అనుకో. రేపు మళ్ళ జ్వరం వస్తాది. ఏం సేస్తావు?"

ఇంకెప్పుడూ వేయనని చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆ మాట నిజమో కాదో ఆమెకే తెలియదు.

"నాకు ఆగేది రాదు సార్. నేర్సుకుంటానేమో, ఎప్పటికో తెలీదు. అమరావతక్కను నా జతకు పంపండి. మిగతా దినాలన్నీ నేను సూసుకుంటా. జ్వరం పూట హాలు ఆమెది. నేను లోపలికి రాను."

గోవిందరాజులు ఆమెను ఎగాదిగా చూశాడు. "ఉద్యోగం అడగాల్సిన పిల్ల కాపలా అడుగుతాంది," అన్నాడు. కానీ అమరావతిని పిలిపించాడు.

"నేనేమన్నా పోలీసునా?" అంది అమరావతి, అంతా విని. "సరేలే, వస్తా. ఈ పిల్ల కాళ్ళ సక్రాలు కుప్పం రోడ్ల మీదన్నా అరుగుతాయేమో సూస్తాము."

వైశాఖంలో కుప్పం షెడ్డులో మొదటి బ్యాచి దిగింది. నారాయణమ్మ ట్రంకుపెట్టెతో వచ్చింది. కొళాయి తిప్పి, కట్టి, మళ్ళీ తిప్పి చూసింది. మొదటి రోజు చాప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. రెండో రోజు వాకిలి మూడుసార్లు ఊడ్చింది. మూడో రోజు పొద్దున మునీశ్వరి లేచేసరికి తల్లి తోటలో కోత వాళ్ళతో కలిసి ఆకు కోస్తోంది.

"నిన్ను కూసోబెట్టల్లని గదా తెచ్చుకుంటి!" అని కూతురు అరిచింది.

"కూసుంటే కాళ్ళు తిమ్మిర్లు పడతాండాయి పాపా. నన్నేమీ అనొద్దు."

రెండో జ్వరం రోజు పొద్దున్నే అమరావతి హాలు తలుపు దగ్గర నిలబడింది. "పోండి, ఇద్దురూ పోండి. తల్లి ఒగ పక్క, బిడ్డ ఒగ పక్క తిరుగుతాంటే పురుగులు గూడా నిద్ర లేసి పరిగెత్తేటట్లుండాయి." తలుపు మూసేసింది.

మధ్యాహ్నానికల్లా మునీశ్వరి తోట చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో లెక్క లేదు. ఇప్పుడు కొన్ని లేచి ఉంటాయి. అంచులకు వచ్చి ఉంటాయి. కిటికీ దగ్గరికి పోయి, "అక్కా, ఎన్ని లేసినాయి?" అని అడిగింది.

"నువ్వు ఇది అడిగేది ఆరోసారి."

"సెప్పక్కా."

"ఇంగా పండుకున్నవే ఎక్కువ. వాటి పని వాటిని సేసుకోనీ."

ఆమె వెనక్కు తిరిగింది. నారాయణమ్మ గట్టు మీద ఎదురొచ్చి ఆమెతో కలిసి నడవసాగింది. మోకాలు నొప్పికి తల్లి కుంటుతోంది. ఇద్దరికీ అడుగు కలవలేదు. మునీశ్వరి నాలుగడుగులు ముందుకు పోయి, ఆగి, తల్లి వచ్చేదాకా నిలబడి, మళ్ళీ నడిచింది. రోడ్డున గొర్రెలు తోలుకుపోతున్న ఒకాయన వాళ్ళు పోతుంటే చూశాడు, వస్తుంటే చూశాడు, చివరికి ఆగిపోయాడు.

"ఏమ్మా, ఎవురి కోసం ఎదురుసూస్తాండారు?"

"లోపల పండుకునిండారప్పా," అంది నారాయణమ్మ. "అందురూ లేయల్ల."

ఆయనకు అర్థం కాలేదు. గొర్రెలు ముందుకు పోతుంటే వాటి వెంట వెళ్ళిపోయాడు. ఎండ ఇంకా నడినెత్తి నుంచి దిగలేదు. తల్లీకూతుళ్ళు గట్టు చివరిదాకా పోయి, మళ్ళీ వెనక్కు తిరిగారు.